కాల్ కొడుతూ కూర్చుంటే గెలుస్తామా? పోకర్ ప్రశ్నలకు మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. బెట్ ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి, అసలు ఎందుకు వేయాలి? మిగతా ఆటల ప్రశ్నలు వచ్చే సంచికకి దాచి, ఈ పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. జవాబులన్నీ నో-లిమిట్ టెక్సస్ హోల్డెమ్ గురించే. చేతిలో రెండు ముక్కలు, బోర్డు మీద అందరికీ కలిపి ఐదు, బెట్‌కి పరిమితి లేని ఆట అది. కొత్తవాళ్ల కోసం ఒక్కమాట: బెట్ అంటే చిప్స్ పందెం వేయడం, కాల్ అంటే ఎదుటివాడి బెట్‌కి సమానంగా వేయడం, రైజ్ అంటే దాన్ని పెంచడం, చెక్ అంటే ఏమీ వేయకుండా వంతు దాటేయడం, ఫోల్డ్ అంటే ముక్కలు పడేసి తప్పుకోవడం, పాట్ అంటే మధ్యలో పోగైన చిప్స్. లెక్కలు చిప్స్‌లో చెబుతాను. డబ్బుల్లో చెబితే మనసు లెక్క మీద నిలవదు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడే మనిషిని. చెత్త ముక్కలు వస్తే వెంటనే ఫోల్డ్. మంచివి వస్తే ఎదుటివాళ్ల బెట్ కాల్ చేస్తూ చివరిదాకా వెళ్తాను. ఆసుల జత వచ్చినా సరే, బయటపడకుండా కాల్‌తోనే సరిపెడతాను. పెద్దగా పోగొట్టుకోను గానీ చిప్స్ మాత్రం మెల్లగా కరిగిపోతుంటాయి. "నువ్వు బెట్ వెయ్యవు, అదే నీ జబ్బు" అంటాడు నా ఫ్రెండ్. బెట్ వేసినంత మాత్రాన నా చేతిలో ముక్కలు మారవు కదా?

జవాబు: మారవు. బోర్డు మీద పడేవీ మారవు. మారేదల్లా ఒకటే. ఆ ముక్కలు తిప్పి చూపించే క్షణం దాకా ఎదుటివాడు ఆటలో ఉంటాడా, ఉండడా అన్నది.

కాల్ చేసినవాడు పాట్ గెలవాలంటే ఒక్కటే దారి. చివర్లో ముక్కలు తిప్పినప్పుడు పైచేయి తనదవ్వాలి. బెట్ వేసినవాడికి ఆ దారి ఎలాగూ ఉంటుంది. దానికి తోడు, ఎదుటివాడు ఫోల్డ్ చేస్తే పాట్ అక్కడికక్కడే వచ్చేస్తుంది. మీరు ఇన్నాళ్లుగా ఈ రెండో దారి ఎదుటివాళ్లకే వదిలేశారు.

లెక్క చూడండి. పాట్‌లో 60 చిప్స్ ఉన్నాయి, మీ చేతిలో ఏమీ లేదు, 30 బెట్ వేశారు. ఎదుటివాడు ఫోల్డ్ చేస్తే మీకు 60 వస్తాయి. కాల్ చేస్తే 30 పోతాయి. అతను మూడింట ఒకసారి ఫోల్డ్ చేసినా సరికి సరి, ఒకసారి 60 రాక, రెండుసార్లు 30 చొప్పున పోక. అంతకన్నా ఎక్కువసార్లు ఫోల్డ్ చేశాడంటే మీ చేతిలో ఏ ముక్కలున్నా లాభమే. బెట్ పాట్ అంత పెద్దదైతే రెండింట ఒకసారి ఫోల్డ్ చేయాలి. పాట్‌లో మూడో వంతే వేస్తే నాలుగింట ఒకసారి చాలు.

ఇంకో లెక్క దీని పక్కన పెట్టండి. జత కాని రెండు ముక్కలు పట్టుకున్నవాడికి ఫ్లాప్‌లో, అంటే బోర్డు మీద ముందుగా పడే మూడు ముక్కలతో, జత గానీ అంతకన్నా మంచిది గానీ తగిలేది దాదాపు మూడింట ఒకసారే. మిగతా రెండుసార్లు అతనికి తగిలింది సున్నా. మీకూ అంతేననుకోండి. అంటే ఇద్దరికీ ఏమీ తగలని పాట్‌లు బోలెడు ఉంటాయి. అవి ఎవరికి వెళ్తాయి? ముందుగా బెట్ వేసినవాడికి. మీ చిప్స్ కరిగేది ఇక్కడే. పెద్ద పాట్‌లు పోయినప్పుడు గుర్తుంటుంది, రాత్రి నిద్ర కూడా పట్టదు. ఎవరికీ చెందని చిన్న పాట్‌లు పోతే ఎవరికీ గుర్తుండదు. బ్లైండ్‌లు (ముక్కలు పంచకముందే వంతులవారీగా తప్పక వేయాల్సిన బెట్లు) మాత్రం రౌండ్ రౌండ్‌కీ మీ దగ్గరికి వచ్చి తమ వాటా పట్టుకుపోతూనే ఉంటాయి.

ఫ్లాప్ తగలని ప్రతివాడూ ఫోల్డ్ చేసేస్తాడని మాత్రం అనుకోకండి. ఆసు-రాజు పట్టుకున్నవాడు ఏమీ తగలకపోయినా ఒకసారి కాల్ చేస్తాడు. డ్రా ఉన్నవాడూ, అంటే పెద్ద చేతికి ఇంకో ముక్క కోసం చూస్తున్నవాడూ, చేస్తాడు. నేను చెప్పేది సగటు లెక్క. ఏ ఒక్క చేతికీ అది హామీ ఇవ్వదు.

ఇక మీ ఆసుల జత సంగతి. చదివి నాకు నిజంగానే బాధ కలిగింది. 221 సార్లు పంచితే సగటున ఒక్కసారి వచ్చే చెయ్యి అది. ఏవో ముక్కలు పట్టుకున్న ఒక్కడి మీద అది 100కి 85 సార్లు గెలుస్తుంది. అలాంటివాళ్లు నలుగురైతే 56 దగ్గరికి దిగుతుంది. ఐదుగురైతే సగానికి కాస్త తక్కువే. మీరు రైజ్ చేయకుండా ఊరుకున్నప్పుడు ఆ నలుగురైదుగురినీ తక్కువ ఖర్చుతో లోపలికి పిలిచింది మీరే. ఆరుగురు చిప్స్ పెట్టిన పాట్‌ని దాదాపు సగం సార్లు గెలవడం నష్టమెలా అవుతుందని లెక్క తెలిసినవాళ్లు అడుగుతారు. నష్టం కాదు. కానీ గట్టిగా రైజ్ చేసి ఒకరిద్దరి దగ్గర ఎక్కువ చిప్స్ లాగడం అంతకన్నా మేలు. పైగా ఫ్లాప్ పడ్డాక ఐదుగురిలో ఎవరికి రెండు జతలు తగిలాయోనని తల పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీ రైజ్ కాల్ చేసి వచ్చినవాడి చేతిలో ఏవో కొన్ని రకాల ముక్కలే ఉంటాయని ఊహించవచ్చు. ఊరికే బ్లైండ్‌లో కూర్చుని ఫ్లాప్ చూసినవాడి దగ్గర ఏమైనా ఉండొచ్చు.

కాల్ చేయడం తప్పని కాదు. చవగ్గా దొరికిన డ్రాకి కాల్ కరెక్టే. ఎదుటివాడు బ్లఫ్‌ల మీద బ్లఫ్‌లు (చేతిలో ఏమీ లేకుండా బెదిరించే బెట్లు) వేస్తున్నప్పుడు ఓ మాదిరి జతతో కాల్ చేయడం ఇంకా కరెక్ట్. మీ ఇబ్బందల్లా, అది చెయ్యి దానంతటదే చేసే పని అయిపోవడం. కాల్ అనే ముందు "ఇక్కడ రైజ్ చేస్తే ఎవరు పారిపోతారు? ఫోల్డ్ చేస్తే నాకు పోయేదేమిటి?" అని రెండు ప్రశ్నలు వేసుకోండి. రెండింటికీ జవాబు చూసుకున్నాక కూడా కాలే మేలనిపిస్తే నిక్షేపంగా చేయండి.

ప్రశ్న: ఫ్లష్‌కి (ఒకే గుర్తు ఉన్న ఐదు ముక్కలకి) ఒక్క ముక్క తక్కువైనప్పుడు నేను చెక్ చేసి, ఆ ముక్క పడుతుందేమో చూస్తాను. ఇంకా తయారుకాని చేతితో చిప్స్ ముందుకు తోయడం దండగ కాదా?

జవాబు: క్లాసులో అయితే బోర్డు మీద వేసి చూపించేవాణ్ణి. ఇక్కడ మాటల్లోనే చెబుతాను, కాగితం పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

టర్న్, అంటే బోర్డు మీద నాలుగో ముక్క, పడింది. పాట్‌లో 100. మీది ఫ్లష్ డ్రా. మీకు కనిపించని ముక్కలు 46, వాటిలో మీకు పనికొచ్చేవి 9. దాదాపు ఐదింట ఒక వంతు అనుకోండి. మీరు 60 బెట్ వేశారు. అవతలివాడు పదిసార్లలో నాలుగుసార్లు ఫోల్డ్ చేస్తాడనుకుందాం. రివర్‌లో (ఐదోది, చివరి ముక్క పడ్డాక) ఇంకెవరూ బెట్ వేయరని కూడా అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది.

ఫోల్డ్ చేసిన ఆ నాలుగుసార్లకీ మీకు వచ్చేవి 400. కాల్ చేసినప్పుడు ఐదింట ఒకసారి మీ ముక్క పడి 160 వస్తాయి, మిగతా నాలుగుసార్లు 60 చొప్పున పోతాయి. సగటున ఒక్కో కాల్‌కి మీకు 16 నష్టం, ఆరు కాల్స్‌కి 96. నాలుగు వందల్లోంచి 96 తీసేస్తే 304. అంటే బెట్ వేసిన ప్రతిసారీ సగటున 30 చిప్స్ మీ వైపు వస్తున్నాయి.

ఇప్పుడు అదే బెట్‌ని చేతిలో ఏ డ్రా లేకుండా వేసి చూడండి. ఫోల్డ్‌లకి 400 రాక, కాల్స్‌కి 360 పోక. పదిసార్లు కలిపి మిగిలేది 40, అంటే సారికి 4. డ్రా ఉండడం వల్ల 4 కాస్తా 30 అయింది. డ్రా ఒక్కటే ఉండి, అవతలివాడు ఎప్పటికీ ఫోల్డ్ చేయని రకమైతే సారికి 16 నష్టం. రెండూ కలిసినప్పుడే పని జరుగుతోంది. మరి మీరు చెక్ చేస్తే? అవతలివాడు కూడా చెక్ చేసినప్పుడు ఉచితంగా ముక్క చూసి, ఐదింట ఒకసారి ఆ 100 తీసుకుంటారు, సగటున 20. కానీ ఉచితంగా చూపించాలా వద్దా అన్నది అతని ఇష్టం. అతను బెట్ వేస్తే అతను చెప్పిన ధర మీరు కట్టాలి, లేదా లేచిపోవాలి.

దీన్ని సెమీ-బ్లఫ్ అంటారు. అందరికీ తెలిసిన చెయ్యి ఒకటి ఉంది. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు అకౌంటెంట్‌గా పనిచేస్తున్న క్రిస్ మనీమేకర్, రెండోవాడు ప్రొఫెషనల్ ఆటగాడు శామీ ఫర్హా. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆటీను ఏడు. టర్న్ పడేసరికి బోర్డు మీద 9, 2, 6, 8. వాటిలో మూడు ఇస్పేట్లు. ఫర్హాకి తొమ్మిదుల జత ఉంది, ఆ బోర్డు మీద అదే పెద్ద జత. మనీమేకర్‌కి జత కూడా లేదు, కానీ ఫ్లష్‌కీ స్ట్రెయిట్‌కీ (వరసగా వచ్చే ఐదు ముక్కలకీ) కూడా ఒక్కో ముక్కే తక్కువ. ఫర్హా బెట్ వేశాడు, మనీమేకర్ రైజ్ చేశాడు, ఫర్హా కాల్ చేశాడు. రివర్‌లో ఆటీను మూడు పడింది. ఏమీ తగల్లేదు. మనీమేకర్ ఆల్-ఇన్ అన్నాడు, అంటే తన చిప్స్ అన్నీ ముందుకు తోశాడు. ఫర్హా ఆలోచించి ఆలోచించి తొమ్మిదుల జతని ఫోల్డ్ చేశాడు. ఆ ఏడాది టైటిల్ మనీమేకర్‌దే.

జనం ఎప్పుడూ ఆ రివర్ ఆల్-ఇన్ గురించే చెప్పుకుంటారు. నాకు టర్న్‌లో చేసిన రైజే ఎక్కువ నచ్చుతుంది. అక్కడ ఫర్హా ఫోల్డ్ చేస్తే సరే, చేయకపోయినా పడాల్సిన ముక్కలు ఇంకా ఉన్నాయి. ఆ రైజ్ లేకపోతే రివర్‌లో "నాకు ఫ్లష్ ఉంది" అన్న కథ నమ్మడం కష్టం.

ప్రశ్న: పోగొట్టుకున్నప్పుడు వెంటనే బెట్ రెట్టింపు చేసి వసూలు చేసుకోవడం దూకుడైన ఆటే కదా?

జవాబు: కాదు. ఇప్పటిదాకా చెప్పిన బెట్లన్నీ ఎదుటివాడు ఏం చేస్తాడన్న అంచనా మీద వేసేవి. మీరు చెప్పేది మీ జేబు మీద కోపంతో వేసేది. ముందే అనుకున్న మొత్తం పోతే లేచి వెళ్లిపోండి. లేవలేకపోతున్నానని మీకే అనిపిస్తే ఆట పూర్తిగా మానేసి, ఇంట్లో ఒకరికి ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: మాస్టారూ, మీ మాట పట్టుకుని నెలరోజులుగా బ్లఫ్‌లు వేస్తున్నాను. మా టేబుల్‌లో ఒకాయన ఉన్నాడు. మూడో జతతోనైనా (బోర్డు మీద మూడో పెద్ద ముక్కతో కుదిరిన జత), ఒక్క ఆసుతోనైనా కాల్ చేస్తాడు. నా బ్లఫ్‌లన్నీ ఆయన పొట్టలోకే వెళ్తున్నాయి. ఆయన్ని ఎలా బెదిరించాలి?

జవాబు: ఆయన మీద బ్లఫ్ వేయడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. ఫోల్డ్ చేయని మనిషి మీద ఆ రెండో దారి మూసుకుపోయింది. పైన వేసిన లెక్కల్లో ఫోల్డ్‌ల సంఖ్య సున్నా చేసి చూడండి, ఏం మిగులుతుందో కనబడుతుంది. నేను బ్లఫ్ వేయమని చెప్పింది ఫోల్డ్ చేసేవాళ్ల మీద. మీరు నా మాటలో సగమే పట్టుకున్నారు.

కానీ మీ టేబుల్‌లో అందరికన్నా మీకు ఎక్కువ లాభం ఇవ్వగల మనిషి ఆయనే. మంచి చెయ్యి పడినప్పుడు ఆయన మీద పెద్ద బెట్లు వేయండి, మూడు రౌండ్లూ వేయండి. ఎంత తేడా వస్తుందో చూడండి. ఫ్లాప్‌లో పాట్ 10 ఉందనుకోండి. ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటిలోనూ సగం పాట్ చొప్పున వేస్తే మీరు వేసేవి 5, 10, 20. ఆయన కాల్ చేస్తూ వస్తే పాట్ 80 అవుతుంది, ఆయన దగ్గర్నుంచి వచ్చేవి 35. అదే ప్రతిసారీ పాట్ అంత వేస్తే 10, 30, 90. పాట్ 270 అవుతుంది, ఆయన దగ్గర్నుంచి వచ్చేవి 130. బెట్ రెట్టింపు చేస్తే రాబడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లయింది. ఒక్కో రౌండ్ బెట్ తర్వాతి రౌండ్ బెట్‌ని పెంచుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. చాలామంది మంచి చెయ్యి వచ్చినప్పుడు ఫ్లాప్‌లో చెక్ చేసి, "పారిపోతాడేమో" అని దాచుకుంటారు. పారిపోని మనిషి దగ్గర దాచుకోవడం దేనికి? ఒక రౌండ్ ఊరుకుంటే చివరి రౌండ్‌లో పడాల్సిన పెద్ద బెట్ కూడా దానితోపాటే పోతుంది.

ఇంకోటి. ఆయన మూడో జతతో కాల్ చేస్తున్నాడంటే మీ రెండో జత కూడా ఆయన మీద బెట్‌కి పనికొచ్చే చెయ్యే. మరీ పెద్దది కాకుండా వేయండి. అలాంటి మనిషి ఉన్నట్టుండి మీ మీద రైజ్ చేస్తే మాత్రం మారు మాట్లాడకుండా వదిలేయండి. నా నోట్ పుస్తకంలో ఇలాంటివాళ్ల పేరు పక్కన "రైజ్ చేస్తే నమ్ము" అని రాసుకుంటాను. మీరూ ఒక పుస్తకం పెట్టుకోండి, ఫోన్‌లో అయినా సరే. ఎవరు దేనికి ఫోల్డ్ చేశారు, ఎవరు దేనితో కాల్ చేశారు అని రాసుకుంటే దూకుడు ఎవరి మీద చూపించాలో అదే చెబుతుంది.

ప్రశ్న: నేను మెతక మనిషినండీ. మా టేబుల్‌లో గట్టిగా ఆడే ఇద్దరూ గట్టిగా మాట్లాడేవాళ్లే. చిప్స్ విసిరినట్టు వేస్తారు. నాకు అలా రాదు. స్వభావం మార్చుకోకుండా ఈ ఆట ఆడలేనా? టెన్షన్‌తో చేతులు వణుకుతాయి కూడా.

జవాబు: అమ్మా, మా ఇంట్లో టీవీ రిమోట్ కూడా నా చేతికి రాదు. టేబుల్ దగ్గర రైజ్ చేయడానికి అది ఎప్పుడూ అడ్డు రాలేదు. చిప్స్ విసిరినా, నెమ్మదిగా ముందుకు జరిపినా పాట్‌లో పడే సంఖ్య ఒకటే.

దూకుడుకి పెట్టింది పేరైన స్టూ ఉంగర్ 1980, 1981, 1997లలో వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ గెలిచాడు. అంతకుముందే అతను జిన్ రమ్మీలో మేటి. పడేసిన ముక్కల్ని బట్టి ఎదుటివాడి చేతిలో ఏముందో చెప్పగలిగే ఆట అది. అతని బెట్ల వెనక ఉన్నది ముందు ఈ లెక్క.

మీరు చేయగలిగింది చెబుతాను. తక్కువ చేతులు ఆడండి, కానీ ఆడినవాటిలో మీరే రైజ్‌తో లోపలికి వెళ్లండి. వీలైనంతవరకు బటన్ మీద (ఫ్లాప్ తర్వాత అందరికన్నా చివర వంతు వచ్చే సీటు) గానీ దానికి ముందు సీటులో గానీ ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఫ్లాప్ తర్వాత అందరూ ఏం చేశారో చూశాక మీ వంతు వస్తుంది కాబట్టి టెన్షన్ సగం అక్కడే తగ్గుతుంది. ఇంటికెళ్లాక ఒక చిన్న లెక్క వేసుకోండి. ఫ్లాప్ తర్వాత మీరు వేసిన బెట్లూ రైజ్‌లూ కలిపి, కాల్స్ సంఖ్యతో భాగించండి. ఒకటి కన్నా తక్కువ వస్తే మీరు కాల్ చేసేవాళ్ల జట్టులో ఉన్నట్టు. రెండు దగ్గరికి తేవడానికి ప్రయత్నించండి. చేతులు వణికితే వణకనివ్వండి. మంచి ముక్కలు పడ్డా వణుకుతాయి కాబట్టి ఎదుటివాళ్లకి దాన్నిబట్టి ఏమీ తెలియదు.

ప్రశ్న: ఫ్లాప్‌లో బెట్ వేస్తాను, అవతలివాడు కాల్ చేస్తాడు. టర్న్‌లో ఏం చేయాలో తోచక చెక్ చేస్తాను. వెంటనే అతను బెట్ వేసి పాట్ పట్టుకుపోతాడు. ఎప్పుడూ ఒకే మనిషి, ఎప్పుడూ ఇదే వరస. ఇంకో అనుమానం, బ్లఫ్ అయితే చిన్న బెట్, నిజం చెయ్యి అయితే పెద్ద బెట్ వేస్తున్నాను. పరవాలేదా?

జవాబు: రెండోదానికి ముందు జవాబు. పరవాలేదు కాదు, పెద్ద లోపం. మీ బెట్ సైజ్ చూసి మీ ముక్కలు చదివేస్తారు. రెండు రకాల చేతులకీ ఒకే సైజ్ వేయండి. నిజానికి పెద్ద బెట్‌కి ఎక్కువ బ్లఫ్‌లు కలుపుకోవచ్చు. సగం పాట్ వేస్తే అవతలివాడికి కాల్ చేయడానికి 25 శాతం గెలుపు చాలు, పాట్ అంత వేస్తే 33 శాతం కావాలి. 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ల లిబ్రాటస్ అనే పోకర్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌ని లక్షా ఇరవై వేల చేతుల్లో ఓడించింది. పాట్‌కి మించిన బెట్లు అది మామూలుగా వేసేది. వాటికి కాల్ చేయాలా వద్దా అన్నది ఎదుటివాళ్లకి పెద్ద చిక్కు.

ఇక టర్న్. అతను మీ అలవాటు పట్టేశాడు. ఫ్లాప్‌లో కాల్ చేస్తే మీరు ఆగిపోతారని తెలుసు కాబట్టి ఏ ముక్కలతోనైనా కాల్ చేస్తున్నాడు. టర్న్‌లో ప్రతిసారీ బెట్ వేయడం దీనికి మందు కాదు. పడిన ముక్కను బట్టి వేయాలి. మీరు ఆసు-జాకీతో రైజ్ చేశారు, అతను బ్లైండ్‌లోంచి కాల్ చేశాడు. ఫ్లాప్ 9, 6, 2. మీరు బెట్, అతను కాల్. టర్న్‌లో రాజు పడితే రెండో బెట్ వేయండి, పాట్‌లో మూడింట రెండు వంతులు. ముందు రైజ్ చేసినవాడి దగ్గర రాజులు ఎక్కువ ఉంటాయి. తొమ్మిది జతో, ఆరు జతో పట్టుకున్నవాడికి ఆ ముక్క చూస్తే నచ్చదు. అదే టర్న్‌లో 7 పడితే చెక్ చేసేయండి. 10-8 ఉన్నవాడికి స్ట్రెయిట్ తగిలింది, 8-7 ఉన్నవాడికి జతా డ్రా రెండూ వచ్చాయి. అతని దగ్గర ఉండేవి ఎక్కువగా అలాంటివే.

రాజు మీద కూడా కాల్ చేశాడంటే మూడో బ్లఫ్ గురించి నాలుగుసార్లు ఆలోచించండి. నేను చూసిన మామూలు టేబుల్స్‌లో రెండుసార్లు కాల్ చేసినవాళ్లు మూడోసారి ఫోల్డ్ చేయడం అరుదు. మీ మూడో బెట్‌ని నిజం చేతులకే ఉంచుకోండి.

ఇంకొకటి మిగిలింది. మీరు చెక్ చేయగానే అతను బెట్ వేస్తాడని మీకు తెలుసు. ఈసారి టర్న్‌లో నిజంగా మంచి చెయ్యి పడినప్పుడు, ఎప్పట్లాగే తోచనట్టు చెక్ చేయండి. అతను బెట్ వేశాక రైజ్ చేయండి.